డొంకరాయి దారిలో ఇద్దరు స్త్రీలు

సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దారిలో శని, ఆదివారాల్లో ఇప్పుడు కొత్త రకం ప్రయాణికులు కనబడుతున్నారు. ఎత్తైన మోటారు సైకిళ్ళు, మోకాళ్ళకూ మోచేతులకూ కవచాలు, వెనక కట్టుకున్న గుడారాలు. సాయంత్రానికి జలాశయం సమీపంలోనో వాగు ఒడ్డునో చేరతారు. మంట వేసుకుంటారు, పాటలు పాడుకుంటారు. మర్నాడు పొద్దున్నే రాళ్ళదారుల్లో, వాగుల్లో బళ్ళు నడిపి, గుంపుగా ఫొటో దిగి వెనక్కి మళ్ళుతారు. అడ్వెంచర్ రైడర్ల శిబిరాలని వీటికి పేరు. స్త్రీల హక్కుల పత్రికకు దీనితో ఏం పని అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నాకైతే ఇది మనం తప్పించుకోకుండా మాట్లాడుకోవలసిన విషయంగానే తోస్తోంది. ఎందుకంటే ఈ శిబిరాలకు వెళ్ళేవాళ్ళలో ఇప్పుడు స్త్రీలూ ఉన్నారు. శిబిరం వేసే నేల మీద బతుకుతున్నవాళ్ళలోనూ స్త్రీలు ఉన్నారు. ఒకే దారి మీద ఎదురుపడే ఈ ఇద్దరి హక్కులనూ కలిపి ఆలోచించే పని మనది కాకపోతే ఇంకెవరిది?

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన కార్యకర్తల్లో రెండు రకాల స్పందనలు వింటున్నాను. ఒకటి, ఇదంతా డబ్బున్నవాళ్ళ కాలక్షేపం, మనకెందుకని చప్పరించేయడం. రెండోది, ఆడవాళ్ళు బుల్లెట్లు ఎక్కి అడవిలో రాత్రి గడుపుతున్నారంటే సాధికారత వచ్చేసినట్టేనని చప్పట్లు కొట్టడం. మొదటిది స్త్రీకి విశ్రాంతి, విహారం అవసరం లేదన్న పాత మాటకే మరో రూపం. రెండోది స్త్రీ అంటే నగరంలో ఉండే స్త్రీ మాత్రమేనని ఒప్పుకోవడం. రెండింటిలోనూ సగం సగం నిజాలే ఉన్నాయి.

ముందు విహారం సంగతి చూద్దాం. కాలం ఎవరి చేతిలో ఉంటుందన్నది స్త్రీవాదం మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పైగా ఆదివారం వస్తే మగవాడికి సెలవు, ఆడదానికి రెండింతల వంట. ఈ లెక్కల మధ్య నుంచి ఒక స్త్రీ రెండు పగళ్ళు, ఒక రాత్రి తన కోసం తాను తీసుకుందంటే, దాని వెనక ఇంట్లో ఎంత వాదన జరిగి ఉంటుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పిల్లల్ని ఎవరు చూస్తారు, అత్తగారు ఏమంటారు, ఎవరితో వెళుతున్నావు, రాత్రి ఎక్కడ పడుకుంటావు. మోటారు సైకిలు తాళం చెవి దొరికేలోగా ఇన్ని తాళాలు తీయాలి.

బండి ఎక్కిన స్త్రీ మీద సమాజానికి కోపం ఇవాళ్టిది కాదు. 1916లో అమెరికాలో అడెలిన్, అగస్టా వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు న్యూయార్కు నుంచి పశ్చిమ తీరం దాకా మోటారు సైకిళ్ళ మీద వెళ్ళారు. యుద్ధంలో వార్తలు చేరవేసే పనికి స్త్రీలూ పనికొస్తారని రుజువు చేయడం వారి ఉద్దేశం. దారిలో మగవాళ్ళ దుస్తులు వేసుకున్నందుకు వారిని పోలీసులు పట్టుకున్నారు. తిరిగి వచ్చాక అడెలిన్ సైన్యంలో ఆ పనికి దరఖాస్తు పెడితే తిరస్కరించారు. 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు లండన్‌లో బయలుదేరి, సహారా ఎడారి దాటి, 1935 జులైలో కేప్‌టౌన్ చేరారు. ఇవన్నీ దూరదేశాల మాటలనుకుంటే మన పొరుగునే పుదుక్కోట్టై ఉంది. 1990 దశకం మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఆ జిల్లా గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పింది. నీళ్ళకూ పొలానికీ క్వారీ పనికీ సైకిలు మీద వెళ్ళిన ఆ స్త్రీలను చూసి ఊళ్ళో మగవాళ్ళు ఎన్ని మాటలన్నారో, వాళ్ళు ఆ మాటలను ఎలా దాటి వెళ్ళారో మన తరం కార్యకర్తలకు గుర్తుండే ఉంటుంది. అవే సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణాల మీదికి వెళ్ళారు. చదువూ చలనమూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆ రెండు జిల్లాలూ చూపించాయి.

మన తెలుగు స్త్రీల విషయానికొస్తే, 2018లో జై భారతి బృందంగా నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచి బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం మీదుగా దాదాపు 17,000 కిలోమీటర్లు మోటారు సైకిళ్ళ మీద తిరిగారు. ఆ నలుగురిలో ఒకరైన పియా బహదూర్ తర్వాత ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. జై భారతి స్త్రీలకు బండి నడపడం నేర్పే మోవో అనే సంస్థను నెలకొల్పారు. సాహసం చేసిన స్త్రీ ఆ సాహసాన్ని తన పేరుకే దాచుకోకుండా, ఆటో నడుపుకొని బతకాలనుకునే మరో స్త్రీకి ఉపయోగపడే విద్యగా మార్చడం నాకు ఇందులో ముఖ్యమైన సంగతిగా కనిపిస్తుంది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర స్కూటరు టైరులో గాలి తీసి, ఒక యువ పశువైద్యురాలిని బలిగొన్న తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. చీకటి పడ్డాక బయటికి రావద్దని స్త్రీలకే సలహాలు ఇచ్చారు. పోలీసులకు కాక చెల్లెలికి ఎందుకు ఫోన్ చేసిందని ఒక మంత్రే ప్రశ్నించారు. రోడ్డును భద్రంగా ఉంచవలసిన బాధ్యత స్త్రీ ఇంట్లో ఉండవలసిన బాధ్యతగా మారిపోయింది. ఇటువంటి వాతావరణంలో రాత్రిపూట ఆకాశం కింద, గుడారంలో, భయం లేకుండా పడుకోవాలనే కోరికను విలాసమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. పని ఉంటేనే, కారణం చెప్పగలిగితేనే స్త్రీ బయట కనబడాలనే నియమం ఉన్నంతకాలం, కారణం లేకుండా తిరగడం కూడా హక్కుల పోరాటంలో భాగమే.

అయితే ఈ శిబిరాలు స్త్రీకి ఆ స్వేచ్ఛను నిజంగా ఇస్తున్నాయా? అడ్వెంచర్ మోటారు సైకిలు వ్యాపారం మొదటినుంచీ మగతనం చుట్టూ అల్లుకున్నదే. 1980లో జర్మనీలో బీఎండబ్ల్యూ సంస్థ రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే పెద్ద బండిని తయారు చేసినప్పటినుంచీ ఎడారి, కొండ, ఒంటరి మగవాడు, ఇదే ప్రకటనల్లో బొమ్మ. మన దేశంలో 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక ఈ రకం బండి మధ్యతరగతికి కొంత అందుబాటులోకి వచ్చింది. బండి మారింది గానీ భాష మారలేదు. కొండను "జయించాం" అంటారు. వాగును "లొంగదీశాం" అంటారు. ఈ క్రియాపదాలు ఎవరి గురించి వాడడం అలవాటో స్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు.

స్త్రీలు రైడర్లుగా వచ్చినా శిబిరంలో పనుల పంపకం ఇంటిని గుర్తుకు తెచ్చేలా ఉంటే ప్రయోజనం లేదు. ముందు నడిపించే బండి ఎవరిది, చివర కాపుగా వచ్చే బండి ఎవరిది, దారి నిర్ణయించేది ఎవరు, టీ కాచేది ఎవరు, వెనక సీటులో వచ్చిన భార్యలకు శిబిరంలో ఏం పని, ఇవన్నీ అడగాలి. మరుగుదొడ్డి లేని చోట యాభై మంది మగవాళ్ళ మధ్య నలుగురు స్త్రీలు రాత్రి గడపడమంటే నీళ్ళు తాగకుండా ఉండడమే. మన ఊళ్ళలో బడిపిల్లలు పడే బాధే అది. మద్యం సంగతి సరే సరి. 1992లో దూబగుంటలో మొదలై, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం దాకా పోరాడిన స్త్రీల రాష్ట్రం మనది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. తాగడం ఎవరిష్టం వారిదని అనుకున్నా, తాగినవారి మధ్య రాత్రి గడపవలసిన స్త్రీ భద్రత ఎవరి బాధ్యత అన్నది ఉండనే ఉంది.

చట్టం ఇక్కడ ఒక ఖాళీ వదిలింది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పనిచేసే చోటుకు వర్తిస్తుంది. సరదాగా కలుసుకునే రైడర్ల బృందం ఎవరికీ యజమాని కాదు కనుక అక్కడ ఫిర్యాదుల కమిటీ ఉండదు. కాని అదే శిబిరంలో కూలికి వంట చేసే స్త్రీకి, గిన్నెలు కడిగే స్త్రీకి అది పనిచేసే చోటే. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చోట జరిగే వేధింపుల మీద ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. ఆదివాసీ స్త్రీకి మరో రక్షణ కూడా ఉంది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, ఆమె ఆదివాసీ అని తెలిసీ, ఆమె సమ్మతి లేకుండా లైంగిక ఉద్దేశంతో తాకడమే కాదు, అటువంటి మాటలూ సైగలూ కూడా నేరమే. ఈ రెండు సంగతులూ శిబిరం పెట్టేవాళ్ళకు తెలియాలి. అంతకంటే ముఖ్యంగా అక్కడ పనికి వెళ్ళే స్త్రీలకు తెలియాలి. ఇది మన సంస్థలు చేయవలసిన పని.

ఇప్పుడు ఆ నేల సంగతి. డొంకరాయి అంటే రైడరుకు పొగమంచు, జలాశయం, మలుపులు. కాని ఈ మన్యంలో ఏ రోడ్డుకైనా ఒక చరిత్ర ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అడవి మీద ఆంక్షలతోపాటు రోడ్డు పని కూడా ఒకటి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు కోసం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసీలతో వెట్టిగా, సరైన కూలి లేకుండా పని చేయించాడు. ఆ ఏడాది ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా జరిగిన దాడుల వెనక ఆ కడుపుమంట కూడా ఉంది. ఇవాళ లంబసింగి చలిని చూడటానికి మనం వెళ్ళేది అటువైపే.

ఆ తర్వాత నీళ్ళు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దాని దిగువన ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. డొంకరాయి దగ్గర ఆపిన నీళ్ళు కాలువ గుండా పొల్లూరు విద్యుత్ కేంద్రానికి వెళ్ళి, 115 మెగావాట్ల యంత్రాలను తిప్పుతాయి. ఆ కరెంటు తీగలు కొండల మీదుగా మైదానాలకు పోయాయి. ఇప్పుడు ఎగువ సీలేరు దగ్గర 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం తలపెట్టారు. ఆనకట్టలూ తీగలూ వచ్చినంత వేగంగా చుట్టుపక్కల కొండ గూడేలకు ఆసుపత్రి రాలేదు.

ఈ అడవిలో యూనిఫాం వేసుకున్న మగవాళ్ళ గుంపులు కూడా స్త్రీలకు కొత్త కాదు. 2007 ఆగస్టు 20న జి. మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు తెగ స్త్రీలు ఫిర్యాదు చేశారు. దాదాపు 16 ఏళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది. ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. మావోయిస్టుల కోసం గాలింపులు, 2021లో గంజాయి తోటల మీద "ఆపరేషన్ పరివర్తన్", అన్నీ ఈ గూడేల మధ్య నుంచే నడిచాయి. ముఖం కనబడని హెల్మెట్లు, బూట్లు, ఇరవై ముప్ఫై యంత్రాల చప్పుడు ఒక్కసారిగా గూడెంలోకి వస్తే అక్కడి స్త్రీ గుండెల్లో ఏం మెదులుతుందో రైడరు ఆలోచించి ఉండడు. ఆ చప్పుడు అతనికి ఆనందం. ఆమెకు అది ఏమిటో అడిగినవారు లేరు.

ఈ శిబిరాల్లో వాడే ఒక మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. "ఆఫ్ రోడ్." అంటే రోడ్డు కానిది. వాగు అడుగు, ఎద్దుల బాట, పోడు గట్టు, ఊటనీటి దగ్గరికి పోయే సన్నని దారి. రైడరుకు రోడ్డు కాని ఆ దారే అక్కడి స్త్రీకి రోడ్డు. నీళ్ళ బిందెతో ఆమె నడిచేది దాని మీద. అడ్డాకులు, కొండచీపుళ్ళు, చింతపండు మోసుకొని సంతకు వెళ్ళేది దాని మీద. నొప్పులు వచ్చినప్పుడు ఆమెను కర్రకు కట్టిన డోలీలో మోసుకెళ్ళేదీ దాని మీదే. ఒకరు ఆట కోసం వెతుక్కుంటూ వచ్చే రోడ్డు లేనితనం మరొకరికి ప్రాణం మీదికి వచ్చే విషయం.

డోలీ మాట కొత్తది కాదు. అందుకే దానికి మనం అలవాటు పడిపోతున్నామేమోనని నా భయం. వానాకాలంలో ప్రతి ఏడూ ఈ వార్తలు వస్తాయి. 2018లో ఐటీడీఏ ప్రాంతాలకు మోటారు సైకిలుకే పక్కన పడక అమర్చిన ఫీడర్ అంబులెన్సులు ఇచ్చారు. నెలలు నిండిన స్త్రీలను ముందే తీసుకొచ్చి ఉంచే వసతి గృహాలు కొన్ని చోట్ల పెట్టారు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం "అడవితల్లి బాట" పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవి మంచివే. కాని రోడ్డు ఎందుకు రాలేదని అడిగిన ప్రతిసారీ వినబడే "అటవీ అనుమతి రాలేదు" అన్న జవాబును మనం నిలదీయాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీళ్ళు, రోడ్డు వంటి 13 రకాల సదుపాయాల కోసం, ఒక్కొక్కదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదన్నది షరతు. పెద్ద అనుమతుల కోసం ఏళ్ళ తరబడి ఆగనక్కరలేదు. ఆ 13 సదుపాయాల జాబితాలో రిసార్టు లేదు, గుడారాల మైదానం లేదు. అయినా పర్యాటకుల దారి చదునవుతూ, గూడెం దారి ఆగిపోతుంటే ఆ తేడా చట్టంలో లేదు, మన ప్రాధాన్యాల్లో ఉంది.

ఆగస్టు 2025 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం ఉంది. మనం స్వాగతించాం. కాని బస్సే రాని గూడెంలో ఉచితం అన్న మాటకు అర్థం ఏముంది? అక్కడ చలనం అంటే ఊళ్ళో కుర్రవాడి పాత మోటారు సైకిలు. గర్భిణిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక మరొకరు పట్టుకుని, ఘాట్ దింపే ప్రయాణాలు అక్కడివాళ్ళకు తెలుసు. మోటారు సైకిలు మీద అసలైన సాహసం చేస్తున్న స్త్రీ ఆమె. ఆ సాహసాన్ని ఆమె కోరుకోలేదు.

తర్వాతది భూమి. ఒక రాత్రి గుడారానికి భూమి చట్టాలెందుకని అనుకోవచ్చు. మొదట ఒక రాత్రి, తర్వాత ప్రతి వారం, తర్వాత చుట్టూ కంచె, ఆ తర్వాత గదులు, ఈత కొలను. అరకు, లంబసింగి పరిసరాల్లో ఈ క్రమం ఎలా నడిచిందో, ఆదివాసీ పేరు మీద బినామీగా ఎలా కట్టారో అక్కడి గిరిజన సంఘాలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. 1970లో వచ్చిన 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీయేతరులకు భూమి బదిలీని చెల్లకుండా చేసింది. 1997 జులైలో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది. ప్రభుత్వమైనా సరే ఈ ప్రాంతంలో భూమిని ఆదివాసీయేతరులకు లీజుకు ఇవ్వకూడదు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన ఆ కేసు మన రాష్ట్రం దేశానికి ఇచ్చిన గొప్ప తీర్పుల్లో ఒకటి.

ఆ చట్టం మీద ఒత్తిడి ఇప్పుడు పర్యాటకం పేరుతో వస్తోంది. 2025 జనవరిలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సమావేశంలో శాసనసభ స్పీకరు 1/70 చట్టాన్ని సవరించాలన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆదివాసీ సంఘాలు ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్‌కు పిలుపునిచ్చాయి. చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. బండి మీద వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్ళే యువతి ఈ వివాదంలో తాను లేననుకుంటుంది. కాని "ఇంతమంది వస్తున్నారు, సదుపాయాలు కావాలి" అనే లెక్కలో ఆమె ఒక అంకె. పెట్టుబడిదారుడు తన వాదనకు చూపించేది ఆమెనే. అందుకే ఆమె నోరు విప్పవలసి ఉంది.

ఇక ధింసా. అరకులో రాత్రి మంట చుట్టూ ధింసా ఆడించడం పర్యాటక ప్యాకేజీలో ఒక అంశమై చాలా ఏళ్ళయింది. పండక్కి, పెళ్ళికి, తమ కోసం తాము ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడే ఆట, తాగి కూర్చున్నవాళ్ళ ముందు గంటల లెక్కన ఆడేదైంది. డబ్బు వస్తోంది కదా అంటారు. వస్తోంది. ఆ స్త్రీల సంపాదనను తక్కువ చేసే అధికారం మనకు లేదు. కాని ఎంత వస్తోంది, మధ్యవర్తికి ఎంత పోతోంది, వద్దనే అవకాశం ఉందా, వీడియోలు ఎక్కడికి పోతున్నాయి అని అడగాలి. అండమాన్‌లో జారవాల రిజర్వు మీదుగా వెళ్ళే ట్రంకు రోడ్డును ఆ భాగంలో మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో జారవా స్త్రీలను పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడి దేశం సిగ్గుపడింది. మన్యం పరిస్థితి అదే కాదు. కాని రోడ్డు, చూడటానికి వచ్చినవాడు, చూపించబడే స్త్రీ, ఈ మూడూ కలిసినచోట ఏ అసమానత పుడుతుందో అది మాత్రం ఒకటే.

అయితే శిబిరాలు వద్దంటామా? నేను అలా అనను. వద్దనే హక్కూ సరేననే హక్కూ నాది కాదు, మనదీ కాదు. అది అక్కడి గ్రామసభది. 1996 పెసా చట్టం, మన రాష్ట్రంలో 2011లో వచ్చిన నియమాలు ఆ అధికారాన్ని గ్రామసభకు ఇచ్చాయి. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం, 2012 సవరణ తర్వాత, గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవారిలో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలి. అదే చట్టం కింద ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఉండాలి. ఈ రెండూ కాగితం మీద ఉన్నాయి. గ్రామసభలో స్త్రీ వెనక వరసలో కూర్చుని వేలిముద్ర వేసి వెళ్ళిపోతే, శిబిరానికి ఇచ్చిన ఆమోదం కూడా నలుగురు మగవాళ్ళ ఆమోదమే అవుతుంది.

అందుకని ఈ పత్రిక తరఫున కొన్ని ప్రతిపాదనలు చర్చకు పెడుతున్నాను.

ఒకటి. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ శిబిరమైనా ఆ ఊరి గ్రామసభ ఆమోదంతోనే జరగాలి. ఎంతమంది, ఏ దారిన, ఎన్ని గంటల వరకు అన్నది ముందే తెలుగులోనూ ఆ తెగ భాషలోనూ చెప్పాలి. ఊట దగ్గరికీ పోడులోకీ పూజ స్థలాల్లోకీ బళ్ళు పోకూడదని స్త్రీలు గీసిన గీతను దాటకూడదు.

రెండు. స్థలానికి ఇచ్చే రుసుము, వంటకూ దారి చూపడానికీ ఇచ్చే కూలి గ్రామసభ నిర్ణయించాలి, స్త్రీల సంఘం ఖాతాలో పడాలి. సమతా తీర్పు గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి కేటాయించాలని చెప్పింది. పర్యాటకానికి కూడా అటువంటి వాటా అడగడంలో అన్యాయం లేదు. ప్లాస్టిక్ పళ్ళేలు మోసుకొచ్చి పారేసే బదులు అడ్డాకు విస్తళ్ళు అక్కడి స్త్రీల దగ్గరే కొనాలి. తెచ్చిన సీసాలు తిరిగి తీసుకెళ్ళాలి. చెప్పులు లేని కాళ్ళు నడిచే చోట పగిలిన సీసా అంటే గాయమే.

మూడు. అడగకుండా ఫొటో తీయకూడదు, ఆర్డరిచ్చి ఆట ఆడించకూడదు. స్త్రీలు తమంతట తాము ఆడదలచుకుంటే వేళా, కూలీ, షరతులూ వాళ్ళవే.

నాలుగు. శిబిరం లోపల స్త్రీలకు వేరే మరుగుదొడ్డి, ఫిర్యాదు వినడానికి స్త్రీలతో కూడిన బాధ్యుల బృందం, తప్పు చేసినవారిని అక్కడికక్కడే బయటికి పంపే నియమం, ఇవి ముందుగా రాసి అందరికీ ఇవ్వాలి. జిల్లా స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వంట దగ్గర పనిచేసే స్త్రీలకు కూడా అందాలి.

అయిదు. స్త్రీ రైడర్ల బృందాలను ఒకటి కోరుతున్నాను. మీరు టైరు మార్చడం, ఇంజను బాగుచేయడం, వాగు దాటించడం నేర్చుకున్నారు. ఆ విద్యను ఆ గూడెం ఆడపిల్లలకు, ఆశా కార్యకర్తలకు నేర్పండి. కొండమీది ఊరికి బండి నడిపే ఆశా కార్యకర్త ఒకరుంటే, నెలలు నిండిన స్త్రీని ముందుగా చూసివచ్చే మనిషి ఒకరుంటుంది. మీకున్న కెమెరాలతో జలాశయాన్ని తీసినట్టే, ఆగిపోయిన రోడ్డునూ తాళం వేసిన ఉపకేంద్రాన్నీ కూడా తీసి, గ్రామసభ సమ్మతితో, కలెక్టరుకు పంపండి. 1/70ని ముట్టుకోవద్దని, రిసార్టులు లేకపోయినా గుడారం చాలునని రైడర్లే అంటే, మీ పేరు చెప్పుకొని మాట్లాడే పెట్టుబడిదారుడి నోరు కొంతైనా మూతపడుతుంది.

ఇవి పెద్ద కోరికలు కావు. కొన్ని బృందాలు ఇప్పటికే ఇంతకన్నా బాధ్యతగా ఉన్నాయంటే సంతోషమే, అవి మనకు రాయాలి. రాయకపోతే మనమే వెళ్ళి అడగాలి. మన్యంలో పనిచేసే సంస్థలు తమ పరిధిలోని గ్రామసభల్లో ఈ విషయాన్ని పెట్టి, స్త్రీలు ఏమన్నారో వారి మాటల్లోనే నమోదు చేయమని కోరుతున్నాను. వాళ్ళు ససేమిరా వద్దంటే దాన్నీ అలాగే ప్రచురిద్దాం. రండి, చూడండి, కాని మా షరతుల మీద అంటే ఆ షరతులను అచ్చువేసి రైడర్ల బృందాలకు పంపుదాం.

స్త్రీలకు చలనం కావాలని మనం ఇన్నేళ్ళుగా అంటున్నాం. ఆ మాట నగరం నుంచి కొండకు వెళ్ళే స్త్రీకి ఎంత వర్తిస్తుందో, కొండ మీది నుంచి ఆసుపత్రికి దిగవలసిన స్త్రీకి అంతకంటే ముందు వర్తిస్తుంది. మొదటిది రెండోదాన్ని తొక్కుకుంటూ రాకూడదు. రెండోదాని పేరు చెప్పి మొదటిదాన్ని ఇంట్లో కూర్చోబెట్టనూ కూడదు. ఇద్దరికీ దారి కావాలి. ఎవరి దారి ముందు వేయాలన్న విషయంలో మాత్రం మన పక్షం ఏదో స్పష్టంగా చెప్పవలసిన సమయం ఇది.